పదహారు పేజీల కథల పుస్తకం: ఎనిమిదో తరగతి రచయితలు, ఒకటో తరగతి పాఠకులు (కేస్ స్టడీ)

అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జరిగిన పని ఇది. ఎనిమిదో తరగతిలో 32 మంది పిల్లలు. నలుగురు చొప్పున ఎనిమిది జట్లు. ఒక్కో జట్టు ఒక్కో బొమ్మల కథల పుస్తకం ఆలోచించి, రాసి, బొమ్మలు వేసి, కుట్టి, పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాల ఒకటి, రెండు తరగతుల పిల్లల చేతికి ఇవ్వాలి. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే తెలుగు ఉపాధ్యాయులకు, డ్రాయింగ్ ఉపాధ్యాయులకు, లైబ్రరీ చూసుకునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

ఈ పనిలో ప్రతి నిర్ణయానికీ మూలం ఒకటే: ఈ పుస్తకం ఎవరు చదువుతారు? "పిల్లలు" అని జవాబొస్తే సరిపోదు. పక్క బడిలో కూర్చున్న, గుణింతాలు ఇప్పుడిప్పుడే దాటి ఒత్తుల దగ్గర తడబడుతున్న ఆరేళ్ల పిల్ల అని చెప్పగలగాలి. ఆ పిల్ల కళ్లముందు ఉంటే కథ నిడివి, అక్షరం సైజు, పాత్ర పేరు, చివరికి కుట్టుకి వాడే దారం కూడా వాటంతటవే తేలిపోతాయి. ఆ పిల్ల లేకపోతే తయారయ్యేది టీచర్లు మెచ్చుకునే పుస్తకం. అది బీరువాలోకి పోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఈ ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో బుడ్డలు (వేరుశనగ) పీకే పని ఉంటుంది. చాలామంది పిల్లలు చేనికి పోతారు, కొన్ని ఇళ్లవాళ్లు పనుల కోసం బెంగళూరు వెళ్తారు. అందుకే నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మొదలుపెట్టి, ఫిబ్రవరి 21, మాతృభాషా దినోత్సవం నాటికి పుస్తకం చేతికి వచ్చేలా లెక్క వేసుకోవడం మంచిది. వారానికి రెండు పీరియడ్లు, అవి కూడా ఒకదాని వెంట ఒకటి ఉండాలి. విడివిడిగా ఉంటే రంగులు తీసి సర్దేసరికే గంట కొడతారు. సంక్రాంతి సెలవుల లోపు పెన్సిల్ డమ్మీ (పెన్సిల్‌తో చేసిన నమూనా పుస్తకం) పూర్తి కావాలి. సెలవుల తర్వాత కథ మార్చడం మొదలుపెడితే ఫిబ్రవరి చాలదు.

రాయడానికి ముందు చదివి వినిపించడం

మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ రాయరు. ఎనిమిదో తరగతి పిల్లలు లైబ్రరీలో ఉన్న బొమ్మల పుస్తకాలు తీసుకుని పక్క బడికి వెళ్తారు. ఒకరు చదివి వినిపిస్తారు, ఇంకొకరు ఆ చిన్నపిల్లని గమనిస్తూ నోట్ చేసుకుంటారు. మూడే గుర్తులు: బొమ్మలో ఏదైనా వేలుపెట్టి చూపిస్తే "వే", చదవడం అయ్యేలోపే పేజీ తిప్పబోతే "తి", దిక్కులు చూస్తే "ది". ఏ పేజీ దగ్గర ఏ గుర్తు పడిందో రాసుకోవాలి. అంతకంటే పెద్ద ఫారం ఇస్తే నింపడంలో పడి పిల్లని చూడరు.

ఈ కాగితాలు పెట్టుకుని తరగతిలో మాట్లాడితే కథారచన గురించి పాఠం చెప్పాల్సిన అవసరం చాలా తగ్గిపోతుంది. నాలుగైదు వరుసలు దాటిన పేజీల్లో "తి", "ది" గుర్తులు ఎక్కువ పడతాయి. బొమ్మలో చెప్పని చిన్న సంగతి ఉన్నచోట, గోడమీద బల్లో, మంచం కింద పిల్లో ఉంటే, "వే" పడుతుంది. ఇది వాళ్లే కనిపెట్టాలి. మనం చెబితే తలూపి, రాసేటప్పుడు మళ్లీ పేజీ నిండా రాస్తారు.

పదహారు పేజీలే ఎందుకు

ఏ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు ఏ5 పేజీలు వస్తాయి. కాబట్టి పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగు గుణిజంలో ఉండాలి. నాలుగు కాగితాలు, పదహారు పేజీలు, పైన విడిగా అట్ట. ఎనిమిది పుస్తకాలు, ఒక్కోటి 15 ప్రతులు అంటే 120 ప్రతులు, 480 కాగితాలు. 500 కాగితాల ఒక్క రీముతో పని అయిపోయి, పాడైన వాటి బదులు వేయడానికి 20 మిగులుతాయి. ఇరవై పేజీలు చేస్తే రెండో రీము కొనాలి. అంతకంటే ముఖ్యం, ఇరవై పేజీలకు తగ్గ బొమ్మలు వేసే ఓపిక పిల్లలకు ఫిబ్రవరిలో ఉండదు.

ఒకటో పేజీ టైటిల్, రెండో పేజీ పేర్లు, హక్కుల వివరాలు. కథ మూడో పేజీలో మొదలవుతుంది. 4-5 నుంచి 14-15 వరకు ఆరు జంట పేజీలు. 16వ పేజీలో ముగింపు. ఈ పదహారు గళ్లు ఒక చార్టు మీద గీసి జట్టుకొకటి ఇవ్వాలి. గడి సైజు 4 సెంటీమీటర్ల వెడల్పు, 5.7 ఎత్తు ఉంటే ఏ5 నిష్పత్తి సరిపోతుంది. గళ్లలో నేరుగా గీయనివ్వకుండా అదే కొలతకు కత్తిరించిన చిత్తు కాగితం ముక్కలు ఇచ్చి, వాటిమీద పుల్లబొమ్మలు గీయించి అమర్చమనాలి. ముక్కలైతే జరుపుతారు, తీసేస్తారు. చార్టు మీద గీస్తే "కష్టపడి గీశాం కదా సార్" అని ఒక్కటీ వదలరు.

ప్రతి గడికీ ఒకే ప్రశ్న: ఇక్కడ బొమ్మ ఏం గీస్తావు? "అమ్మాయి ఆలోచిస్తోంది", "అందరూ సంతోషంగా ఉన్నారు" అనే జవాబు వస్తే ఆ పేజీలో కథ లేనట్టే. "అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో దిగింది" అంటే ఉన్నట్టు. ఇంకొకటి, పేజీ తిప్పే చోటు. సందేహం కుడిచేతి పేజీలో, అంటే బేసి సంఖ్య పేజీలో ఆగాలి. జవాబు తిప్పాక రావాలి. ప్రశ్నా జవాబూ పక్కపక్క పేజీల్లో ఉంటే పిల్ల కన్ను ముందే జవాబు మీద పడుతుంది.

కథ: నాలుగు జబ్బులు

మొదటి చిత్తుప్రతుల్లో దాదాపు ప్రతి జట్టూ చేసే తప్పులు ఒకటే తీరున ఉంటాయి. చివర నీతి వాక్యం. సమస్యని పెద్దవాళ్లు వచ్చి తీర్చేయడం. అదంతా కల అని తేలడం. టీవీ కార్టూన్‌లో చూసిన వీరుడు పేరు మార్చుకుని రావడం. వీటిలో నీతి వాక్యం గురించి మా అభిప్రాయం గట్టిది: దాన్ని పూర్తిగా తీసేయాలి. చివరి పేజీలో ఎవరో ఏదో చేయాలి, ఎవరూ ఏదీ చెప్పకూడదు. నీతి రాయొద్దంటే కొందరు పిల్లలు కంగారుపడతారు, కథ అంటే నీతి అని పరీక్షల్లో అలవాటైంది కాబట్టి. అప్పుడు పక్క బడిలో రాసుకున్న కాగితాలు తీసి చూపించాలి. నీతి పేజీ దగ్గర ఏ గుర్తు పడిందో అందులోనే ఉంటుంది.

ఒక జట్టు కథని దగ్గరగా చూద్దాం. మచ్చ అనే మేకపిల్ల, దాన్ని మేపే అమ్మాయి, వాళ్ల జేజి (అవ్వ). గుట్ట నుంచి ఇంటికి వస్తుంటే వాన. దారిలో వంక (చిన్న ఏరు). మొదటి చిత్తులో అమ్మాయి పేరు లక్ష్మి, నాన్న వచ్చి మేకపిల్లని ఎత్తుకుని పారే వంక దాటించేస్తాడు. అందులో ఒక పేజీ ఇలా ఉంది:

"ఆ రోజు సాయంత్రం చాలా పెద్ద వర్షం కురిసినందువలన వంకలో నీళ్లు ఎక్కువగా ప్రవహించసాగాయి. అది చూసి మచ్చ అనే మేకపిల్ల ఎంతో భయపడి, నేను ఇప్పుడు అవతలి ఒడ్డుకు ఎలా వెళ్లగలను అని తన మనసులో ఆలోచించుకుంది."

28 మాటలు. పుస్తకంలోకి వచ్చేసరికి ఇది పదో పేజీ అయింది:

"నీళ్లు తగ్గాయి.
మచ్చ ఒక కాలు పెట్టింది.
జివ్వుమంది!
కాలు తీసేసింది."

తొమ్మిది మాటలు. సాయంత్రం, వాన, నీళ్ల ఉద్ధృతి 6 నుంచి 9 వరకు బొమ్మల్లోకి వెళ్లిపోయాయి. భయం కాలు వెనక్కి తీసుకోవడంలో కనిపిస్తోంది. మనసులో అనుకున్న మాట అక్కర్లేకుండా పోయింది.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన మార్పు భాషది కాదు. సీమలో వంకలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. పారే నీళ్లలో దిగి మనుషులు, గొడ్లు కొట్టుకుపోయిన ఊళ్లు ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల కథలో చూసింది చేసి చూస్తుంది. కాబట్టి నిండు వంక దాటే బొమ్మ పుస్తకంలో ఉండకూడదు. జట్టు దీన్ని కథలోనే పరిష్కరించుకుంది. 8-9 పేజీల్లో వంక నిండుగా పారుతోంది, జేజి అడ్డం వచ్చి, "యాడికి పోతావే? నీళ్లు తగ్గనీ" అంటుంది. అందరూ చింతచెట్టు పక్కన బండమీద కూర్చుంటారు. నీళ్లు మడమల దాకా తగ్గి రాళ్లు బయటపడ్డాకే మచ్చ కాలు పెడుతుంది. 12-13లో అమ్మాయి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ రాళ్లమీద నడుస్తుంది, మచ్చ వెనకే దూకుతుంది. ఎవరూ ఎత్తుకోరు. చివరి పేజీలో మచ్చ ఒళ్లు దులుపుతుంది, జేజి తడిసిపోతుంది. నిప్పు, బావి, కరెంటు మోటారు, ట్రాక్టరు వచ్చే కథలన్నిటికీ ఇదే పరీక్ష పెట్టాలి.

అక్షరాల లెక్క

పుస్తకం మొత్తం 120 నుంచి 180 మాటలు, పేజీకి 15 దాటకూడదు. కానీ తెలుగులో మాటల లెక్క ఒక్కటే నమ్మితే మోసపోతాం. "కురిసినందువలన" ఒక్క మాటే, అక్షరాలు ఎనిమిది. ఒకటో తరగతి పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఆరో అక్షరానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతుంది. కాబట్టి ఒక మాటలో ఐదు అక్షరాలకు మించకూడదు అని గీత గీశాం. పిల్లలు వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ మాటలు మార్చడం మొదలుపెడతారు, అదే మంచి వ్యాకరణ పాఠం అవుతుంది.

ఒత్తుల్లో తేడా చూడాలి. ట్ట, ప్ప, మ్మ, ల్ల లాంటి ద్విత్వాలు లేకుండా తెలుగులో రెండు వాక్యాలు రాయలేం, వాటిని ఉండనివ్వాలి. క్ష్మ, ష్ట్ర, త్స, ర్ధ లాంటి సంయుక్తాలు పేజీకి ఒకటి మించకూడదు. పాత్ర పేరు ప్రతి పేజీలో వస్తుంది, అందులో సంయుక్తం ఉంటే ప్రతి పేజీలో తడబాటే. అందుకే లక్ష్మి గంగ అయింది. సంధుల విషయంలో "ఇంటికెళ్లింది" అనేకంటే "ఇంటికి వెళ్లింది" అని విడదీస్తే చదువరికి మేలు. సంభాషణలో మాత్రం చిన్న మాటలైతే కలిపే ఉంచవచ్చు, లేకపోతే మనిషి మాట్లాడినట్టుండదు.

యాస గురించి ప్రతి బడిలో వాదన వస్తుంది. మా నిర్ణయం: కథ చెప్పే వాక్యాలు మామూలు పుస్తక భాషలో, పాత్రల మాటలు ఇంట్లో మాట్లాడే తీరులో. జేజి "ఎక్కడికి వెళుతున్నావు" అంటే ఆ ఊరి పిల్ల ఆమెని జేజిగా ఒప్పుకోదు. అలాగని ప్రతి వాక్యం యాసలో రాస్తే, పాఠ్యపుస్తకంలో చూసిన రూపానికీ దీనికీ పొంతన దొరక్క కొత్తగా చదివే పిల్ల తికమక పడుతుంది. పాఠ్యపుస్తకాల్లో లాగా ఎదురుపేజీలో ఇంగ్లీషు కూడా పెడదామని కొన్ని జట్లు అడిగాయి. పదహారు పేజీల్లో అది కుదరదు, బొమ్మకు చోటు పోతుంది.

ఒకే పాత్ర ప్రతి పేజీలో ఒకేలా ఉండాలంటే

బొమ్మల్లో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. మూడో పేజీలో పొట్టిగా ఉన్న గంగ ఏడో పేజీకి పొడుగవుతుంది, చెంపజడలు ఒంటిజడ అవుతాయి, మచ్చకి చెవి మీదున్న మచ్చ వీపు మీదికి వస్తుంది. చిన్నపిల్లలు దీన్ని వెంటనే పట్టేస్తారు. "ఇది వేరే మేక" అంటారు, కథ అక్కడ తెగిపోతుంది.

దీనికి జవాబు ఈ సీమలోనే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలో తల, చేతులు, కాళ్లు విడివిడి ముక్కలు. కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ఎన్ని భంగిమల్లో ఆడించినా కొలతలు మారవు, నల్లటి అంచుగీత వల్ల ఆకారం దూరానికి కూడా తెలుస్తుంది. బొమ్మల పుస్తకానికి కావలసినవి కూడా ఇవే.

పాత పెళ్లిపత్రికల అట్టతో ఇలా చేయించాం. మనిషి పాత్రకు పది ముక్కలు: తల, మెడతో కలిపి మొండెం, భుజం నుంచి మోచేయి వరకు రెండు, మోచేయి నుంచి వేళ్ల వరకు రెండు, తొడలు రెండు, మోకాలి కింద పాదంతో కలిపి రెండు. మేకకు పదకొండు: తల, మెడతో మొండెం, కాలికి రెండు చొప్పున ఎనిమిది, తోక. ప్రతి కీలు దగ్గర ఒక ముక్క ఇంకో ముక్క మీదికి ఒక సెంటీమీటరు ఎక్కాలి. అంతకంటే తక్కువైతే మోకాలు వంచినప్పుడు సందు కనిపిస్తుంది. సూదితో కన్నం చేసి, దారం దూర్చి, రెండు వైపులా ముడి. ముడి బిగిస్తే కీలు తిరగదు, కాగితం మందం అంత వదులుండాలి. ఏ4 బొమ్మకైతే మనిషి ఎత్తు 12 సెంటీమీటర్లు సరిపోతుంది. దూరంగా కనిపించే దృశ్యాల కోసం ఆ ముక్కల్నే 60 శాతానికి తగ్గించి జిరాక్స్ తీసి, అట్టకు అతికించి రెండో సైజు బొమ్మ చేసుకోవాలి. జంట పాత్రలకు రెండు బొమ్మలూ ఒకే కొలబద్దతో చేయాలి. మేక గంగ నడుం దాకా వస్తుందా, మోకాలి దాకానా అన్నది మొదటి రోజే తేలిపోవాలి.

కీలుబొమ్మని కాగితం మీద భంగిమలో పెట్టి, చుట్టూ లేతగా పెన్సిల్ గీత గీసి, తీసేసి, బట్టలు, ముఖం వేస్తారు. దీనివల్ల దొరికే ఇంకో లాభం పెద్దది. "నాకు బొమ్మలు రావు" అనే పిల్ల కూడా ప్రధాన పాత్రని గీయగలుగుతుంది. జట్టులో బాగా గీసే ఒక్కరి నెత్తిన పదహారు పేజీలు పడవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పక్కనుంచి చూసిన భంగిమలే వస్తాయి కాబట్టి పుస్తకమంతా ఒకే తీరుగా తయారవుతుంది. కనీసం రెండు పేజీల్లో దగ్గరి చూపు ఉండాలి: నీళ్లలో కాలు మాత్రమే, లేదా మేక కళ్లు మాత్రమే. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ముందుకు సాగే పాత్ర కుడివైపు చూడాలి, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు. ఒక జట్టు కథ మధ్యలో మేకని ఎడమకు తిప్పేసరికి, విన్న పిల్ల "ఇంటికి పోతాందా?" అని అడిగింది.

దృశ్యం విషయంలో పిల్లల చేయి అలవాటుగా రెండు త్రికోణం కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన కొబ్బరిచెట్టు గీసేస్తుంది. ఒక గంట బయటికి తీసుకెళ్లి ఎదురుగా ఉన్నది గీయించాలి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ల గుట్ట, మోకాలి కిందే ఉండే బుడ్డల చేను, కంపచెట్లు, దూరంగా గాలిమరలు. మట్టి రంగు కోసం సీసాలో ఉన్న బ్రౌన్ వాడితే అది అనంతపురం నేల అవదు. బర్న్‌ట్ సియెన్నాలో కొద్దిగా ఎల్లో ఓకర్ కలపాలి. కలిపిన రంగుని మూత ఉన్న మాత్రల సీసాలో అట్టకు సరిపడా ఒకేసారి ఉంచుకోవాలి. మర్నాడు మళ్లీ కలిపితే అదే రంగు రాదు.

రంగులా, నలుపు తెలుపా

ఇది బొమ్మలు మొదలుపెట్టే ముందే తేల్చాలి. డబ్బు లెక్కలో లోపలి పేజీలు జిరాక్స్‌లోనే వేయగలం అనుకుంటే లోపల రంగులు వాడకూడదు. జిరాక్స్‌లో పసుపు మాయమవుతుంది, ఎరుపు, ముదురు ఆకుపచ్చ రెండూ ఒకే నల్లటి ముద్ద అవుతాయి. రంగులేసి మురిసిపోయిన పిల్లలు ప్రింటు చూసి బిక్కమొహం వేస్తారు. అట్ట మాత్రం రంగుల్లో, లోపలంతా నల్ల గీత, గీతల నీడలు, అక్కడక్కడ నిండు నలుపు అని నిర్ణయించాం. తోలుబొమ్మ అంచుగీత ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది.

అసలు బొమ్మ ఏ4లో గీసి ఏ5కి తగ్గిస్తే 71 శాతం అవుతుంది. గీత కూడా అంతే సన్నబడుతుంది. హెచ్‌బీ పెన్సిల్ గీత కనబడదు. అంచుకు నల్ల జెల్ పెన్ను, నీడకు బాల్ పెన్ను. మొదటి గీతలకు లేత నీలం రంగు పెన్సిల్ వాడితే జిరాక్స్‌లో చాలావరకు పడదు, చెరపనక్కర్లేదు. అయినా ఆ షాపు మిషన్ మీద ఒక్క కాగితం ముందు తీసి చూసుకోవాలి. అట్ట బొమ్మ గీయడానికి 140 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు, కాగితం మందానికి కొలత) లేదా అంతకంటే మందం డ్రాయింగ్ కాగితం. మామూలు చార్టు నీటిరంగుకు ముడుచుకుపోతుంది. స్కెచ్‌పెన్ గీతమీద తడి రంగు వేస్తే గీత కారిపోతుంది కాబట్టి రంగు ఆరాకే గీత. మైనం క్రేయాన్లు ఫొటో తీసినప్పుడు మెరుస్తాయి.

మాటలకు చోటు ముందే గీసి ఉంచాలి, పేజీ ఎత్తులో మూడో వంతు. అది మర్చిపోయిన జట్టు ఆకాశంలో అక్షరాలు ఇరికించాల్సి వస్తుంది, నక్షత్రాల మధ్య అక్షరం చదవలేరు. కాగితం అంచు నుంచి లోపలికి 10 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, మామూలు ప్రింటర్ అంచుదాకా అచ్చువేయదు. జంట పేజీ బొమ్మ విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి: పుస్తకం మొత్తంలో 8-9 ఒక్కటే ఒకే కాగితం మీద పడే జంట. మిగతావన్నీ రెండు వేర్వేరు కాగితాలు, మడతలో అటూ ఇటూ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతాయి. అందుకే నిండు వంక బొమ్మని 8-9లో పెట్టారు. వేరేచోట రెండు పేజీల బొమ్మ తప్పదంటే మడత దగ్గర ముఖం, చేయి రాకుండా చూసుకోవాలి.

పెన్సిల్ డమ్మీ, మళ్లీ పక్క బడి

నాలుగు కాగితాలు మడిచి, పేజీ నంబర్లు వేసి, పుల్లబొమ్మలతో, చేతిరాతతో పూర్తి పుస్తకం చేసి మళ్లీ ఒకటో తరగతికి తీసుకెళ్లాలి. అవే మూడు గుర్తులు. ఒక్కో డమ్మీ ముగ్గురు పిల్లలకు చదివి వినిపించాలి, ఒక్కరి ఇష్టాయిష్టాలను బట్టి పుస్తకం మార్చకూడదు. తర్వాత పుస్తకం పిల్ల చేతికిచ్చి చదవమనాలి, ఆగిన ప్రతి మాట కింద గీత పెట్టాలి. ముగ్గురూ ఆగిన మాట మారాలి. ఈ దశలో పేజీలు తీసేయడం, కలపడం ఏడ్చేంత కష్టం కాదు, ఇంకా ఇంకు పడలేదు కాబట్టి. ఇంకు పడ్డాక ఎవరూ మార్చరు, మార్చమని అడగడం కూడా న్యాయం కాదు.

పని పంపకం పేజీల వారీగా చేస్తే నాలుగు చేతులు నాలుగు రకాలుగా కనిపిస్తాయి, ఒక పిల్ల రాకపోతే ఆమె పేజీలు ఆగిపోతాయి. అందుకని పొరల వారీగా: ఒకరు కీలుబొమ్మతో పాత్రలు, ఒకరు దృశ్యం, ఒకరు ఇంకు, ఒకరు నీడలు. నాలుగు పేజీలకోసారి పని మారాలి. మారకపోతే ఒకరు చివరిదాకా రబ్బరు పట్టుకునే కూర్చుంటారు.

టైపింగ్ దగ్గర పడే దెబ్బ

ఊళ్లో డీటీపీ షాపులు చాలావరకు పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రాంలో, యూనికోడ్‌తో (ఫోన్లు, కంప్యూటర్లు వాడే ఉమ్మడి అక్షర పద్ధతి) కలవని అను ఫాంట్లతో పనిచేస్తాయి. బడిలో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో టైపు చేసిన కథ అక్కడికి తీసుకెళ్తే డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి. వాళ్లు మళ్లీ టైపు చేస్తారు, కొత్త తప్పులు వస్తాయి. దీన్ని తప్పించుకునే దారి, పేజీలు మనమే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ రైటర్ ప్రోగ్రాంలో పెట్టి పీడీఎఫ్ చేసి ఇవ్వడం. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లోపలి పాఠానికి మండలి బాగుంటుంది. రామభద్ర లావు, టైటిల్‌కే వాడాలి. సైజు 20 నుంచి 22 పాయింట్లు. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి వరుసల మధ్య దూరం 1.5 కంటే తగ్గితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వరుస ఎక్కడ విరగాలో కంప్యూటర్‌కి వదిలేయకూడదు, మాట్లాడేటప్పుడు ఊపిరి ఆగే చోట మనమే విరవాలి. ప, వ, ష తేడా, మ, య తేడా స్పష్టంగా తెలియని అలంకార ఫాంట్ల జోలికి వెళ్లొద్దు.

బొమ్మల్ని ఫోన్‌తోనే స్కాన్ చేయవచ్చు. వరండా నీడలో, పొద్దున వెలుతురులో, నల్లగుడ్డ మీద కాగితం పెట్టి, ఫోన్ నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. ఫ్లాష్ వద్దు. స్కాన్ యాప్‌లో నలుపు తెలుపు ఎంచుకుంటే సన్నని నీడగీతలు పోతాయి, గ్రేస్కేల్ ఎంచుకోవాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. ఫైలు పేరులో జట్టు నంబరు, పేజీ నంబరు ఉండి తీరాలి.

అచ్చు, మడత, కుట్టు

ఒక కాగితం మీద పక్కపక్కన పడే రెండు పేజీల నంబర్లు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. అన్నిటికంటే బయటి కాగితం ఒకవైపు 16, 1. వెనక 2, 15. రెండోది 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. లోపలిది 10, 7. వెనక 8, 9. ఈ పట్టిక పెద్దగా రాసి గోడకు అంటిస్తే పిల్లలే సరిచూసుకుంటారు. రైటర్‌లో ప్రింట్ చేసేటప్పుడు బ్రోషర్ అనే ఎంపిక ఉంది, అది ఈ వరుస తనే చూసుకుంటుంది. రెండువైపులా ప్రింటు తీసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని చెప్పాలి. పొడుగు అంచు ఎంచుకుంటే వెనక పేజీ తలకిందులవుతుంది. షాపులో చెప్పాల్సిన మాటలు రెండే: అసలు సైజులో తీయండి, ముందు ఒక్క ప్రతి తీసి చూపించండి. ఆ ఒక్క ప్రతిని మడిచి, మొదటి నుంచి చివరిదాకా జట్టు గట్టిగా చదివాకే మిగతా 14.

అట్ట అచ్చువేయడానికి 250 నుంచి 300 జీఎస్ఎం కార్డు. మడిచే గీతమీద స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత లాగి, తర్వాత మడిస్తే పగలదు.

మామూలు స్టేప్లర్ పుస్తకం మధ్యకు అందదు, అందే పొడవాటిది బడుల్లో ఉండదు. పిన్ను తుప్పు పడుతుంది, చిన్న వేళ్లకు గుచ్చుకుంటుంది. దారం కుట్టే మేలు. మడత పొడవు 210 మిల్లీమీటర్లు. పైనుంచి 45, 105, 165 దగ్గర మూడు కన్నాలు. కాగితాలన్నీ అట్టతో కలిపి క్లిప్పులు పెట్టి ఒకేసారి పొడవాలి, విడివిడిగా పొడిస్తే కలవవు. 60 సెంటీమీటర్ల దారం, కొవ్వొత్తికి రెండుసార్లు రుద్దితే చిక్కు పడదు. లోపలి నుంచి మధ్య కన్నంలో బయటికి, పై కన్నంలో లోపలికి, లోపల మధ్య కన్నం దాటుకుని కింది కన్నంలో బయటికి, మళ్లీ మధ్య కన్నంలో లోపలికి. దారం రెండు కొసలూ లోపల ఉన్న పొడుగు కుట్టుకి చెరోవైపు వచ్చేలా చూసి, దానిమీద ముడివేయాలి. చెరోవైపు రాకపోతే ముడి జారి కుట్టు వదులవుతుంది. లాగేటప్పుడు దారాన్ని మడతకు సమాంతరంగా లాగాలి, పైకి లాగితే కాగితం చిరుగుతుంది. లోపలి కాగితాలు కొద్దిగా బయటికి పొడుచుకొస్తాయి. షాపు కట్టర్‌తో రెండు మూడు మిల్లీమీటర్లు కోయిస్తే అంచు సమమవుతుంది.

పేర్లు, హక్కులు, మార్కులు

రెండో పేజీలో కథ, పాత్రలు, దృశ్యాలు, ఇంకు, కుట్టు, అన్నిటికీ పేర్లు రావాలి. పిల్లల ఫొటో, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా వేయకూడదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన, పిల్లల కథలు ఉచితంగా దొరికే స్టోరీవీవర్ వెబ్‌సైట్ లాంటి చోట పెట్టాలనుకుంటే అక్కడి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు సంగతి ముందే తల్లిదండ్రులకు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పేరు పేర్కొంటే చాలు, ఎవరైనా ఆ కథని కాపీ చేసుకోవచ్చు, అనువదించవచ్చు, మార్చుకోవచ్చు. ఇంటర్నెట్ నుంచి దించిన బొమ్మ ఒక్కటి ఉన్నా పెట్టకూడదు.

మార్కులు ఇవ్వాల్సి వస్తే బొమ్మల అందానికి ఇవ్వొద్దు. పెన్సిల్ డమ్మీకీ చివరి ప్రతికీ మధ్య ఏం మారింది, ఏ చిన్నపిల్లని చూసి మార్చారు అని జట్టు చూపించగలిగితే దానికి ఇవ్వాలి. కాగితాలన్నీ తేదీ వేసి ఒక కవర్లో ఉంచితే ఇది తేలిక.

పదిహేను ప్రతుల్లో నాలుగు జట్టు పిల్లలకు, ఎనిమిది ఒకటి, రెండు తరగతులకు, రెండు బడి లైబ్రరీకి. మిగిలిన ఒకటి మాస్టర్ ప్రతి. పిల్లలు చదువుతుండగా మళ్లీ ఆగిన మాటలు, దొర్లిన అచ్చుతప్పులు, చిరిగిన చోట్లు ఎర్ర పెన్నుతో అందులోనే గుర్తు పెట్టి, అసలు బొమ్మలతో, పీడీఎఫ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కలిపి కట్ట కట్టాలి. జూన్‌లో కొత్త ఒకటో తరగతి వచ్చాక రెండో ముద్రణ వేసేది ఆ ప్రతి చూసుకునే.